షిల్లింగు టికెట్టు, దించిన శ్రుతి

పాప్స్ కచేరీ అంటే పాప్ పాటల కచేరీ కాదు. ‘పాపులర్’ అన్న మాటకి పొట్టిరూపం అది. బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1885 వేసవిలో తేలికపాటి సంగీతంతో కొన్ని సాయంత్రాలు నడిపింది. ఆ కచేరీలకే తర్వాత ‘పాప్స్’ అన్న పేరు స్థిరపడింది. ఇప్పుడు అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ చిన్న చిన్న ఊళ్ల ఆర్కెస్ట్రాలు కూడా ఇలాంటివి చేస్తుంటాయి. పగలు బడిలో పాఠాలు చెప్పేవాళ్లు, పళ్ల డాక్టర్లు, రిటైరైన ఇంజనీర్లు వారానికో సాయంత్రం కలిసి సాధన చేస్తారు. ఏడాదికోసారి ఒకరిద్దరు ఆపెరా గాయకుల్ని పిలుస్తారు. ముందు వెర్డీ, పుచ్చీనీ పాటలు, తర్వాత సినిమా బాణీలు.

కచేరీ మొదలయ్యే ముందు ఓబో వాయించే మనిషి ఒక స్వరం పలికిస్తాడు. దాన్ని ‘ఎ’ అంటారు. సెకనుకి 440 కంపనాలు. వయొలిన్లు, చెల్లోలు, క్లారినెట్లు, బూరలు అన్నీ దానికే సర్దుకుంటాయి. ఆ సమయంలో అతిథి గాయని తెర పక్కన నిలబడి ఉంటుంది. ఆమెని ఎవరూ ఏమీ అడగరు.

మన దగ్గర ఇది తలకిందులు. పాడే మనిషి ‘నాకు అయిదున్నర’ అంటే తంబురా, వయొలిన్, చివరికి మృదంగం కూడా ఆ శ్రుతికి రావాల్సిందే. పద్యనాటకాల్లో హార్మోనిస్టుకి ఏ నటుడికి ఏ మెట్టు పట్టాలో కంఠతా వచ్చి ఉండేది. గొంతు ఎక్కడ ఉంటే శ్రుతి అక్కడ. పడమటి ఆర్కెస్ట్రాలో గొంతే శ్రుతి దగ్గరికి నడిచి వెళ్లాలి. ఆ శ్రుతి ఎవరో ఒకరు పెట్టిందే. పెట్టడానికి పెద్ద గొడవే జరిగింది.

హ్యాండెల్‌దిగా చెప్పే 1751 నాటి ట్యూనింగ్ ఫోర్కు ఒకటుంది. దాని ‘ఎ’ సుమారు 422. పంతొమ్మిదో శతాబ్దం నడిచేకొద్దీ ఆ అంకె పైకి పాకింది. కారణాలు మామూలువే. తీగ బిగిస్తే నాదం మెరుస్తుంది. హాళ్లు పెద్దవయ్యాయి. కొత్త క్లారినెట్ పాతదానికంటే కాస్త ప్రకాశంగా వినిపిస్తేనే అమ్ముడుపోతుంది. పక్క ఊరి బృందం కంటే మనది కొంచెం మిరుమిట్లు గొలపాలన్న ఆశ సరేసరి. లండన్‌లో ఫిల్హార్మానిక్ శ్రుతి అనేది 452 దాకా ఎక్కింది. అంటే హ్యాండెల్ ఒక స్వరం రాసుకుంటే, వందేళ్ల తర్వాత అదే కాగితం చూసి పాడేవాళ్లు దాన్ని అరమెట్టు పైన, ఇంకాస్త ఎక్కువే, పాడాల్సి వచ్చింది. ‘శ్రుతి మించి రాగాన పడింది’ అని మనం అలవాటుగా అనేస్తాం. అక్కడ అక్షరాలా జరిగింది అదే.

వయొలిన్ తీగ తెగితే ఇంకొకటి కడతారు. గొంతు తెగితే? అందుకే ముందుగా తిరగబడ్డది గాయకులే. ఫ్రాన్స్ ప్రభుత్వం ఈ విషయం మీద ఒక కమిషన్ వేసింది. అందులో రొస్సీనీ, బెర్లియోజ్, మెయెర్‌బీర్ ఉన్నారు. 1859 ఫిబ్రవరిలో ‘ఎ’ని 435 దగ్గర కట్టేస్తూ చట్టం వచ్చింది. ఒక స్వరానికి చట్టం చేయడం ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ, పారిస్ ఆపెరా గాయకులకి అది నవ్వులాట కాదు.

ఇంగ్లండ్‌లో అలాంటి చట్టమేదీ రాలేదు. పేరుమోసిన టెనర్ సిమ్స్ రీవ్స్ ఈ ఎత్తు శ్రుతి మీద ఏళ్ల తరబడి పోరాడాడు. అతనంతటివాడు పాడనంటే కబురు పత్రికలకెక్కుతుంది. కోరస్‌లో వెనక వరసలో నిలబడే అమ్మాయి పాడనంటే ఆమె స్థానంలో ఇంకొకరు వస్తారు, అంతే.

ఈ కథ మలుపు తిరిగింది ఒక చవక కచేరీలో.

1893లో లండన్‌లో క్వీన్స్ హాల్ తెరిచారు. దాని మేనేజర్ రాబర్ట్ న్యూమన్‌కి ఒక ఆలోచన ఉండేది. రాత్రిపూట కచేరీలు పెట్టాలి, టికెట్ కారుచవగ్గా ఉండాలి, మొదట జనానికి నచ్చే పాటలు వినిపించి మెల్లగా గట్టి సంగీతానికి అలవాటు చేయాలి. కండక్టర్‌గా ఇరవయ్యారేళ్ల హెన్రీ వుడ్‌ని అనుకున్నాడు. ఆ కుర్రాడు అప్పటికే గాయకులకి పాఠాలు చెప్పేవాడు, ఆపెరా బృందాలతో పనిచేసినవాడు. కావలసింది డబ్బు.

డబ్బు పెట్టడానికి ముందుకొచ్చింది జార్జ్ క్యాత్‌కార్ట్ అనే డాక్టర్. చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. ఆయన రెండు షరతులు పెట్టాడు. ఒకటి, అన్ని కచేరీలకీ వుడ్డే కండక్టర్. రెండు, శ్రుతి ఫ్రెంచి వాళ్ల స్థాయికి దించాలి. గాయకుల గొంతులు ఎత్తు శ్రుతికి పాడైపోతున్నాయన్నది ఆయన వాదం.

వినడానికి తేలికే. తీగ వాద్యాలకి మర కాస్త వదులు చేస్తే సరిపోతుంది. కానీ క్లారినెట్, ఓబో, బూర లాంటివి కొలత ప్రకారం తయారైన గొట్టాలు. కొద్దిగా బయటికి లాగి శ్రుతి దించొచ్చు గానీ, మరీ ఎక్కువ లాగితే స్వరాల మధ్య దూరాలే చెడిపోతాయి. కొత్త వాద్యం కొనాల్సిందే. మిగతా లండన్ అంతా పాత శ్రుతిలో నడుస్తుంటే, ఒక్క హాలు కోసం రోజుకూలి సంగీతకారుడు సొంత డబ్బుతో ఇంకో వాద్యం ఎందుకు కొంటాడు? కొనమన్నారు. వాళ్ల వైపు న్యాయం లేకపోలేదు.

అప్పుడు క్యాత్‌కార్టే బెల్జియం నుంచి దించిన శ్రుతి వాద్యాల్ని తెప్పించి వాళ్లకి అరువిచ్చాడు.

1895 ఆగస్టు 10న మొదటి కచేరీ. హాలు మధ్యలో కుర్చీలు లేవు. నిలబడి, అటూ ఇటూ తిరుగుతూ వినొచ్చు. అందుకే ‘ప్రొమెనేడ్’ అన్న పేరు, పొట్టిగా ప్రామ్స్. టికెట్ ఒక షిల్లింగు. తినొచ్చు, తాగొచ్చు, పొగ కూడా పీల్చొచ్చు. గాయకులు పాడుతున్నప్పుడు మాత్రం దయచేసి అగ్గిపుల్లలు గీయొద్దని విన్నపం. వాగ్నర్ ‘రియెంజీ’ ఓవర్చర్‌తో మొదలైంది. అప్పటికి మూడేళ్ల వయసున్న ‘పల్యాచ్చీ’ ఆపెరా నుంచి బారిటోన్ పాట కూడా ఆ రాత్రి పాడారు. పొగలో నిలబడి విన్న గుమాస్తాలకి, షాపు కుర్రాళ్లకి శ్రుతి దిగిందని తెలిసి ఉండకపోవచ్చు. పాడినవాళ్లకి తెలియకుండా ఉండదు. పాత శ్రుతికీ కొత్త శ్రుతికీ తేడా అరమెట్టు కంటే తక్కువే అయినా.

సీజన్ ముగిసేసరికి, ఇక లండన్ ఇటే మొగ్గుతుందని వాద్యకారులకి అర్థమైంది. అరువు తెచ్చుకున్న వాద్యాల్ని క్యాత్‌కార్ట్ దగ్గర డబ్బిచ్చి కొనుక్కున్నారు. మరుసటి ఏడాది ఫిల్హార్మానిక్ సొసైటీ కూడా 439కి దిగింది. 435 అనేది చల్లటి గదిలో కొలత కాబట్టి, జనంతో నిండిన వెచ్చటి హాల్లో అది 439 అవుతుందని వాళ్ల లెక్క.

చరిత్ర ఇక్కడితో అయిపోతే అందరికీ సంతోషమే. కానీ ఇంగ్లండ్ ఉత్తరాన బొగ్గు గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు నడిపే ఇత్తడి బ్యాండ్లు ఉండేవి. ఊరి సంగీతమంటే అవే. ఒక బ్యాండుకి కావలసిన వాద్యాలన్నీ ఒకేసారి మార్చాలంటే చందాలెత్తి పోగుచేసిన డబ్బు ఎక్కడికి సరిపోతుంది? వాటికి క్యాత్‌కార్ట్ ఎవరూ దొరకలేదు. అవి ఆ ఎత్తు శ్రుతిలోనే 1960ల దాకా ఉండిపోయాయి. తయారీదారులు పాత శ్రుతి వాద్యాలు చేయడం ఆపేశాక గానీ మారలేదు. ఊరి బ్యాండూ, నగరం నుంచి వచ్చిన ఆర్కెస్ట్రా కలిసి ఒక పాట వాయించాలన్నా కుదరని కాలం అన్నేళ్లు నడిచింది. శ్రుతి తల్లి, లయ తండ్రి అంటాం. ఆ తల్లిని మార్చుకోవడానికి కూడా డబ్బు కావాలి మరి.

439 కాస్తా 440 ఎలా అయింది? 1939లో లండన్‌లో అంతర్జాతీయ సమావేశం జరిగింది. అప్పటికి ప్రామ్స్‌ని బీబీసీ నడుపుతోంది. రేడియోలో శ్రుతి స్వరం ప్రసారం చేయడానికి స్ఫటికం కంపనాల్ని భాగించి, హెచ్చించి కావలసిన అంకె రాబట్టేవాళ్లు. 439 ప్రధాన సంఖ్య. దాన్ని అలా రాబట్టడం కష్టం. 440 సులువు. రెండేళ్లకి, 1941 మే నెలలో, జర్మన్ బాంబులకి క్వీన్స్ హాల్ కాలిపోయింది. ప్రామ్స్ ఆల్బర్ట్ హాల్‌కి మారాయి. అంకె మాత్రం నిలిచింది.

ఊరి ఆర్కెస్ట్రాలో ఓబో వాయించే మనిషి ఇచ్చే స్వరం అదే. అది మొజార్ట్‌దీ కాదు, వెర్డీదీ కాదు. గాయకుల మొర, ఒక డాక్టర్ జేబు, బేరమాడిన బూరగాళ్లు, రేడియో ఇంజనీర్ల సౌకర్యం అన్నీ కలిస్తే తేలిన లెక్క. అయినా అతిథి గాయనికి ఒక దారి మిగిలే ఉంది. రిహార్సల్ రోజున కండక్టర్ దగ్గరికెళ్లి, ఈ పాట అరమెట్టు దించి వాయిస్తారా అని అడగొచ్చు. ‘లా బొయెం’లో టెనర్ పాటని అలా దించి పాడటం ఆపెరా హాళ్లలోనే మామూలు. దించితే ఆర్కెస్ట్రా కాగితాలన్నీ మార్చాలి. రెండో వరసలో క్లారినెట్ పట్టుకున్న పళ్ల డాక్టర్ కొంచెం గొణుక్కుంటాడు. ఆ రాత్రి ఇంటికెళ్లి కొత్త కాగితం ముందేసుకుని సాధన చేస్తాడు.