దారి చూపేవాళ్ల చదువు

ఏ పిల్లవాడికి ఏ ఉద్యోగం నప్పుతుందో చెప్పే కెరీర్ కౌన్సిలర్లు ఎప్పటికప్పుడు మళ్లీ తరగతిలో కూర్చోవాలన్న నియమం ఈమధ్య అధికారులు తెచ్చిపెట్టిన తంతు అని చాలామంది నమ్మకం. ఈ వృత్తి పుట్టుక చూస్తే ఆ మాట నిలవదు. 1908 జనవరిలో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ తగిన పని ఎంచుకోవడంలో సాయపడే వొకేషన్ బ్యూరో తెరిచాడు. వలస కుటుంబాల పిల్లలు ఏ పని దొరికితే అందులో చేరిపోతున్న కాలం. ఇంజనీరింగ్ చదివి, బడిపంతులై, లాయరై, ఆచార్యుడైన పార్సన్స్‌కు తగిన పని కోసం వెతుకులాట కొత్త కాదు. ఆయన పద్ధతికి మూడు మెట్లు: తననుతాను తెలుసుకోవడం, పనుల తీరు తెలుసుకోవడం, రెంటినీ జోడించి ఆలోచించడం. మొదటిదీ మూడోదీ అనుభవంతో పదునెక్కుతాయి. రెండోది అలా కాదు. ఒక కొత్త యంత్రం వస్తే చాలు, నిన్నటి సమాచారం చెల్లదు.

పార్సన్స్ ఆ సెప్టెంబరులోనే చనిపోయాడు, ఆయన పుస్తకం 1909లో అచ్చయింది. తరువాత బ్యూరో బాధ్యత తీసుకున్న మేయర్ బ్లూమ్‌ఫీల్డ్ కాలంలో బోస్టన్ బడుల్లో వందమందికి పైగా ఉపాధ్యాయులకు ఈ పని అప్పగించారు. పాఠాలు చెప్పేవాళ్లకే పాఠాలు అవసరమయ్యాయి. 1911 వేసవిలో బ్లూమ్‌ఫీల్డ్ హార్వర్డ్‌లో వాళ్లకోసం కోర్సు నడిపాడు. గ్రాండ్ రాపిడ్స్‌లో ఈ వృత్తివాళ్ల జాతీయ సంఘం ఏర్పడింది 1913లో. అంటే ఈ వృత్తిలో సంఘం కన్నా ముందు తరగతే పుట్టింది.

మన దేశంలోనూ శిక్షణ మాట కొత్తది కాదు. కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన 1952-53లో పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్, బడిలో ఉద్యోగాల దారి చూపే కెరీర్ మాస్టర్లకు శిక్షణనిచ్చే కేంద్రాలను ప్రాంతాలవారీగా కేంద్ర ప్రభుత్వమే తెరవాలంది. ఏళ్ల తరబడి పిల్లలను చూసిన మాస్టారుకు శిక్షణ దేనికని అడిగేవాళ్లున్నారు. ఆయనకు పిల్లవాడు తెలుసు, నిజమే. ఆ పిల్లవాడు అడుగుపెట్టబోయే ఫ్యాక్టరీ, ఆసుపత్రి, ఆఫీసు ఈ ఏడు ఎలా ఉన్నాయో బడి గోడల మధ్య తెలియదు. సంతకం పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకునే శిక్షణలు దండగన్న ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. అది శిక్షణ నడిపే తీరు మీద ఫిర్యాదు, శిక్షణ అక్కర్లేదనడానికి సాక్ష్యం కాదు. ఇంకా బరువైన అభ్యంతరం తీరిక గురించి. 1964-66 కొఠారీ కమిషన్ తక్షణ ఏర్పాటుగా సూచించింది పది బడులకు ఒక కౌన్సిలర్‌ను. అంత తిరుగుడులో చదువుకు వేళేదీ? అయితే ఆ కమిషన్ బడిలో ఉండే ఉపాధ్యాయులనూ ఆ కౌన్సిలర్‌కు తోడుగా చేర్చింది. కౌన్సిలర్ పది బడులూ తిరిగి వచ్చేదాకా మొదటి బడిలో పిల్లలు అడిగేది వాళ్లనే.