మే నెలాఖరుతో ముగిసే కొలువు

ఉపాధ్యాయులు చాలనప్పుడు అర్హతల గీతను కిందికి జరపడం మన ప్రభుత్వాలకు పాత అలవాటే. రాజస్థాన్‌లో 1987లో స్వీడన్ సాయంతో ఆరంభమైన శిక్షాకర్మి పథకం ఎనిమిదో తరగతి చదివిన పురుషులను, ఐదో తరగతి చదివిన స్త్రీలను సైతం సొంత ఊళ్లలోనే బోధకులుగా నియమించింది. మాస్టారి ముఖమే ఎరుగని పల్లెలకు ఉద్దేశించిన ఆ ఏర్పాటులో ఒక న్యాయం ఉంది: ఎంపికైనవారికి ఏళ్ల తరబడి శిక్షణ సాగింది. తరువాతి రాష్ట్రాలు అందులోంచి శిక్షణకంటె చవకదనాన్నే ఎక్కువగా గ్రహించాయి. మధ్యప్రదేశ్ గురూజీలు, మన విద్యా వాలంటీర్లు, అంతకుముందు నెలకు 398 రూపాయలకు పనిచేసిన స్పెషల్ టీచర్లు (ఆ అంకెే వారికి ఇంటిపేరైంది) అందరిదీ ఒకే వంశవృక్షం.

ఉత్తరప్రదేశ్ కథ వీటన్నిటికంటె పెద్దది. 1999 మే 26 నాటి ఉత్తర్వుతో అక్కడ శిక్షామిత్ర పథకం పుట్టింది. ఇంటర్మీడియట్ చాలు, గౌరవ వేతనం నెలకు 1,450 రూపాయలు, ఒప్పందం మే నెలాఖరుతో సరి. ఇది ఉద్యోగం కాదు, గ్రామసేవ అని ప్రభుత్వం ముందే రాసుకుంది. కానీ సేవకు ఏటా పొడిగింపు దొరికింది. ఖాళీలు మాత్రం అలాగే మిగిలాయి.

2009 విద్యాహక్కు చట్టం, మరుసటి ఏడాది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ప్రకటించిన కనీస అర్హతలు, టెట్ వచ్చాక ఈ మాటువేత నిలవలేదు. పట్టభద్రులైన శిక్షామిత్రలకు ప్రభుత్వం దూరవిద్యలో రెండేళ్ల శిక్షణ ఇప్పించింది. 2014లో టెట్ నుంచి మినహాయించి సహాయోపాధ్యాయులను చేసింది. అర్హత సడలించే అధికారాన్ని చట్టం కేంద్రానికి ఇచ్చిందే తప్ప రాష్ట్రానికి కాదు. ఆ సంగతి లక్నో సచివాలయానికి తెలియదనుకోవడం కష్టం.

2015 సెప్టెంబరు 12న అలహాబాద్ హైకోర్టు ఆ నియామకాలను కొట్టివేసింది. 2017 జూలై 25న సుప్రీంకోర్టు దాన్నే ధ్రువీకరించింది. పిల్లలకు నాణ్యమైన విద్య హక్కు అయినప్పుడు అర్హతలేని నియామకాన్ని క్రమబద్ధీకరించలేమన్నది దాని వాదసారం. న్యాయపరంగా అది సమంజసమే. అయితే తప్పు చేసింది ప్రభుత్వం, శిక్ష పడింది లక్షకు పైగా కుటుంబాలకు. రాబోయే రెండు నియామకాల్లో వయసు సడలింపు, అనుభవానికి వెయిటేజీ పరిశీలించవచ్చన్నది కోర్టు చూపిన ఊరట.

అర్హత లేదని తేలిన తరువాత కూడా వారిని బడి నుంచి పంపలేదు. నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం మీద పాత హోదాలో, అవే తరగతి గదుల్లో కొనసాగించారు.