కోనసీమ పచ్చదనం – రంగుల ఛాయాచిత్రం

కోనసీమలో కెమెరా పట్టినవారికి మొదట ఎదురయ్యే చిక్కు పచ్చదనమే. కొబ్బరితోట, అరటిగెల, వరిచేను, కాలువగట్టు – ఎటు తిప్పినా చిత్రంలో ముప్పాతిక వంతు ఆకుపచ్చగా ఉండును. కంటికి హాయినిచ్చే ఈ రంగు, బొమ్మలో మనిషిని మింగివేయగలదు.

నలుపు తెలుపుల కాలంలో ఈ చిక్కు వేరొక రూపంలో ఉండేది. బాపు తన మొదటి చిత్రం 'సాక్షి'ని (1967) ఆత్రేయపురం దగ్గరి పులిదిండిలో నలుపు తెలుపులలో తీశారు. అటువంటి ఫిల్ముపై ఎర్రచీర, కొబ్బరాకు ఒకే బూడిదరంగుగా పడవచ్చును. కటకం ముందు ఎర్ర ఫిల్టరు పెట్టినచో చీర తేలికబడి, ఆకు నల్లబడును. ఆకుపచ్చ ఫిల్టరు పెట్టినచో ఇందుకు విపర్యయం. అనగా ఛాయాగ్రాహకుడు అప్పుడు కూర్చవలసినది రంగులను కాదు, వెలుగునీడలను.

పూర్తిగా రంగులలో వచ్చిన తొలి తెలుగు చిత్రం 'లవకుశ' (1963). రంగు ఫిల్ము ఖరీదు వల్ల ఆ తరువాత కూడ చాలాకాలం నలుపు తెలుపుల చిత్రాలే ఎక్కువగా వచ్చినవి. రంగుతోపాటు ఒక కొత్త ప్రశ్న పుట్టినది: ఏ రంగు సరసన ఏ రంగు ఉండవలెను?

ఈ ప్రశ్నకు సమాధానం కెమెరా కన్న ముందే మగ్గం దగ్గర దొరికినది. 1824లో ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రల్, పారిస్‌లో బొమ్మల తెరలు నేసే గోబెలిన్ కర్మాగారంలో అద్దకపు శాఖకు అధిపతి అయినాడు. అక్కడి నల్లదారం వెలవెల పోతున్నదని ఫిర్యాదు వచ్చినది. పరీక్షించగా రంగులో లోపం లేదు. ఆ దారం నీలం, ఊదా దారాల పక్కన పడినందువల్లనే కంటికి అలా తోచినది! పక్కపక్కనున్న రంగులు ఒకదాని రూపును మరొకటి మార్చునని ఆయన 1839లో గ్రంథం వెలువరించినాడు. పడుగు ఒక రంగు, పేక మరొక రంగు వేసి నేసే మన బండారులంక నేతగానికి ఇది వింతగా తోచదు.

షెవ్రల్ సూత్రం ప్రకారం ఎరుపు, ఆకుపచ్చ ఎదురు రంగులు; పక్కపక్కన ఉంటే రెండూ మరింత తేజరిల్లును. తోటలో ఒక్క ఎర్ర రవిక చాలు, చూపు అక్కడికే పోవును. అదే పసుపుపచ్చ చీర అయితే ఆకుల రంగుకు చుట్టమై శాంతంగా కలిసిపోవును. రెండూ పొందికలే, ఏది కావలెనో ముందుగా నిశ్చయించుకొనవలెను.

అయితే వెలుగు లెక్క కొంచెం వేరు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు కాంతులతో రంగుల బొమ్మను చూపవచ్చునని మాక్స్‌వెల్ 1861లో లండనులో ప్రదర్శించినాడు. తెల్లని వెలుగునుండి ఆకుపచ్చను తీసివేస్తే మిగిలేది ఎరుపు, నీలం కలిసిన మెజెంటా. కాబట్టి కాంతిలో ఆకుపచ్చకు ఎదురు రంగు మెజెంటా. దట్టమైన కొబ్బరితోటలో ఆకుల గుండా దిగిన వెలుగు ముఖాలపై పసరురంగు పులుమును. మన కన్ను దానిని సర్దుకొనును, ఫిల్ము సర్దుకొనదు. లేత మెజెంటా ఫిల్టరు వాడుట ఒక ఉపాయం. మనిషిని కాలువగట్టుమీదికి, ఆకాశం కిందికి పిలుచుట అంతకన్న చౌక.

స్వయంగా చిత్రకారుడైన బాపు 1975లో 'ముత్యాలముగ్గు'ను రంగులలో తీశారు. ఛాయాగ్రాహకుడు ఇషాన్ ఆర్యకు ఆ చిత్రానికి రంగుల ఛాయాగ్రహణంలో జాతీయ పురస్కారం లభించినది. 'సాక్షి'ని, దీనిని వెంటవెంటనే చూచే విద్యార్థికి పై తేడా మాటలకన్న బాగా బోధపడును.

నేటి సెల్‌ఫోను కెమెరా వెలుగులోని రంగును తనంతట తానే దిద్దును. ఒక్కొక్కసారి అక్కరలేనిచోట కూడ దిద్ది, తోట పచ్చదనాన్నే వెలిసినట్లు చూపును.