నూగు నుంచి స్వెటర్ దాకా: మేలి ఉన్ని అల్లిక నడిచిన దారి

మేలైన కాష్మీర్ స్వెటర్ వెనక రెండు చరిత్రలు ఉన్నాయి. ఒకటి హిమాలయాల మేకది, రెండోది యూరప్ అల్లిక సూదులది. ఈ రెండూ వందల ఏళ్లు ఒకదాని ఊసు ఒకదానికి లేకుండా నడిచి, 19వ శతాబ్దంలో స్కాట్లాండ్‌లో కలిశాయి. ప్రతి తరమూ అంతకుముందు చేతితో చేసిన పనిలో కొంత యంత్రానికి అప్పగిస్తూ వచ్చింది. అయితే ఏది ఉంచాలో, ఏది ఏరిపారేయాలో, ఎక్కడ ఆపాలో తేల్చే పని అనుభవజ్ఞుల చేతిలో మిగిలిన చోటే నాణ్యత నిలిచింది.

లదాఖ్‌లోని చాంగ్‌తాంగ్ పీఠభూమి 14,000 అడుగులకు పైన ఉంటుంది. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు 30, 40 డిగ్రీలు దిగువకు పోతుంది. ఆ చలిని తట్టుకోవడానికి మేకకు బిరుసు వెంట్రుకల అడుగున మెత్తని నూగు పెరుగుతుంది. అదే పశ్మీనా; యూరప్‌లో దాన్నే కాష్మీర్ అంటారు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, ఈ నూగు మందం 12 నుంచి 15 మైక్రాన్లే. ఎండలు ముదిరేసరికి మేక దాన్ని తానే విడుస్తుంది. చాంగ్‌పా సంచార పశుపాలకులు ఆ అదను చూసి దువ్వెనలతో దువ్వి తీస్తారు. ఈ నూగు విలువ రాజ్యాలకూ తెలుసు. 1684 నాటి తింగ్‌మోస్‌గాంగ్ ఒప్పందం దీని వర్తకాన్ని లదాఖ్ మీదుగా కశ్మీరీ వర్తకుల చేతుల్లో పెట్టింది. శ్రీనగర్ ఇళ్లలో ఆడవాళ్లు బిరుసు వెంట్రుకలను ఒక్కొక్కటిగా ఏరి, చరఖా మీద సన్నని నూలు వడికేవారు. దాన్ని మగ్గం మీద శాలువాలుగా నేసేవారు. 1820ల్లో అక్కడ తిరిగిన విలియం మూర్‌క్రాఫ్ట్ ఈ పనుల తీరుతెన్నులను వివరంగా రాసిపెట్టాడు. అక్కడ సాగింది నేతే. అల్లిక కథ మరోచోట మొదలైంది.

మనకు దొరికిన పాత అల్లిక ముక్కల్లో కొన్ని ఈజిప్టువి, అవీ పత్తి నూలువి. ఉన్ని అల్లిక యూరప్‌లో బతుకుతెరువుగా మారింది. 1571లో ఇంగ్లండ్ అల్లికదారులను ఆదుకోవడానికి, పెద్దింటివాళ్లు తప్ప ఆరేళ్లు దాటినవారంతా ఆదివారాలు ఉన్ని టోపీ పెట్టుకోవాలని చట్టమే చేసింది. 1589లో నాటింగ్‌హామ్ ప్రాంతపు కాల్వర్టన్‌కు చెందిన విలియం లీ మేజోళ్లు అల్లే యంత్రం తయారుచేశాడు. ఎలిజబెత్ రాణి దానికి పేటెంటు ఇవ్వలేదు. లీ ఫ్రాన్సుకు వలసపోయి అక్కడే కన్నుమూశాడు. యంత్రం మాత్రం బతికింది. అయినా షెట్లాండ్, గెర్న్సీ దీవుల్లో చేతి అల్లిక ఆగలేదు. గెర్న్సీ జాలరుల స్వెటర్లు గాలి చొరబడనంత బిగువుగా అల్లినవి. ఫెయిర్ ఐల్ దీవి రంగురంగుల స్వెటర్‌ను 1920ల ఆరంభంలో వేల్స్ యువరాజు తొడుక్కోవడంతో దానికి లోకమంతటా పేరొచ్చింది.

ఈలోగా గొర్రె ఉన్ని కూడా సన్నబడింది. స్పెయిన్ తన మెరీనో గొర్రెలను శతాబ్దాల పాటు దేశం దాటనివ్వలేదు. 1765లో అవి సాక్సనీకి చేరాయి, 1797లో ఆస్ట్రేలియాలో దిగాయి. తరతరాల ఎంపికతో అక్కడి మెరీనో ఉన్ని 20 మైక్రాన్ల లోపుకు వచ్చింది. మన దక్కనులో కురుమలు నేసే గొంగడి ఉన్ని ముతకది. వానకూ చలికీ అదే తగినది. సన్నదనం ఒంటికి తగిలే బట్ట కోసం, ముతకదనం బయట కప్పుకునే బట్ట కోసం. దేని నాణ్యత దానిదే.

1771లో జాన్ హార్డీ స్కాట్లాండ్ సరిహద్దు పట్టణం హావిక్‌కు నాలుగు మేజోళ్ల యంత్రాలు తెచ్చాడు. 1815లో రాబర్ట్ ప్రింగిల్ అక్కడే తన సంస్థ పెట్టాడు. టెవియట్ నది మెత్తటి నీరు ఉన్ని ఉతకడానికి కలిసొచ్చింది. 1864లో లఫ్‌బరోకు చెందిన విలియం కాటన్ పేటెంటు పొందిన యంత్రం, బట్టను కత్తిరించకుండా కుట్లు తగ్గిస్తూ పెంచుతూ ఒంటి ఆకారంలోనే అల్లింది. అదే శతాబ్దం చివరి దశకాల్లో బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన జోసెఫ్ డాసన్, కశ్మీరులో చేత్తో ఏరే పనిని చూసి, నూగునూ బిరుసు వెంట్రుకనూ వేరుచేసే యంత్రం రూపొందించాడు. ఆ నూగు హావిక్ యంత్రాలకు చేరడంతోనే రెండు చరిత్రలూ కలిశాయి.

ఆ కలయికతో హావిక్‌లో కుదురుకున్న పద్ధతిని కాస్త దగ్గరగా చూడాలి. నూగు పోగు పొడవుగా ఉండాలి. పొట్టి పోగులే రాపిడికి పైకి లేచి ఉండలు కడతాయి. నూలు రెండు పేటలుగా పేనాలి. ఒంటి పేటతో అల్లితే బట్ట ఒక పక్కకు మెలిదిరుగుతుంది. మెడపట్టీని అతికే మనిషి గుండ్రటి చట్రం మీది ముళ్లకు ఒక్కో కుట్టునూ వరసగా తగిలిస్తుంది. ఒక్క కుట్టు జారితే మెడ దగ్గర కన్నం పడుతుంది. చివరిది ఉతుకు. యంత్రం మీంచి దిగిన బట్ట గరుకుగా, జిడ్డుగా ఉంటుంది. సబ్బు నీళ్లలో తిప్పితే నూగు విచ్చుకుంటుంది. కొద్ది నిమిషాలు ఎక్కువైతే మెత్తదనం ముందే ఖర్చయిపోయి, నాలుగు రోజులు తొడిగేసరికి ఉండలు కడుతుంది. అందుకే అనుభవమున్న స్కాటిష్ సంస్థలు కొంచెం తక్కువే ఉతికి, మిగతా మెత్తదనాన్ని తొడిగేవారి వాడకానికి వదిలేశాయి.

1930ల్లో ప్రింగిల్ రూపకర్త ఒట్టో వైస్ చేతిలో జంట స్వెటర్లు ఫ్యాషన్ అయ్యాయి. 1981లో మంగోలియాలో గోబీ కర్మాగారం మొదలైంది. చైనా, మంగోలియాలు నూగు ఉత్పత్తిలో ముందుకొచ్చాయి. 1995లో జపాన్ సంస్థ షిమా సేకి అతుకే లేని స్వెటర్‌ను అల్లే యంత్రం తెచ్చింది. ధర దిగింది, అందుబాటు పెరిగింది. మేకల మందలూ పెరిగి గడ్డిభూములు చిక్కిపోయాయి. మరోవైపు పాతను కాపాడుకునే ప్రయత్నాలూ సాగాయి. 2008లో కశ్మీర్ పశ్మీనాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2012లో హావిక్‌లోని బ్యారీ సంస్థను ఫ్రెంచ్ ఫ్యాషన్ సంస్థ షనెల్ కొనుక్కుంది.

ఇన్ని తరాల తర్వాత నాణ్యత కొలమానం మాత్రం మారలేదు. కొనే ముందు మెత్తదనం ఒక్కటే చూడకండి. చంక దగ్గర కుట్లు తగ్గించిన వరస గుర్తులు ఉన్నాయా, బట్టను సాగదీసి వదిలితే తిరిగి దగ్గరికి వస్తోందా, అరచేత్తో కాసేపు రుద్దితే నూగు లేస్తోందా అని చూడండి. ఈ పరీక్షలో నిలిచినది గొర్రె ఉన్నిదైనా మంచి స్వెటరే. నిలవనిది కాష్మీర్ చీటీ తగిలించుకున్నా కాదు.