బోల్టును బూటుతో తన్నిన సైనికులు

1915 ఏప్రిల్ 22 సాయంత్రం బెల్జియంలోని ఈప్ర పట్టణం దగ్గర జర్మన్లు క్లోరిన్ వాయువు వదిలారు. ఫ్రెంచి దళాల వరస చెదిరిపోయింది. ఆ ఖాళీలోకి శత్రువు చొరబడకుండా ఆపే పని కొత్తగా రంగంలోకి దిగిన కెనడా మొదటి డివిజన్ మీద పడింది. ఆ సైనికుల చేతుల్లో ఉన్నది సొంత దేశంలో తయారైన రాస్ రైఫిల్. ఆగకుండా కాల్చేసరికి అది బిగుసుకుపోయింది. పేలిన తూటా తాలూకు ఇత్తడి కేసు ఊడి రాక, తుపాకీ వెనక భాగాన్ని మూసి తెరిచే బోల్టు వెనక్కి కదలక, సైనికులు దాన్ని బూటు మడమతో తన్నీ, కందకాలు తవ్వే పనిముట్టు పిడితో బాదీ తెరవాల్సి వచ్చింది. పోరు ముగిశాక లెక్క చూస్తే, ప్రాణాలతో మిగిలిన 5,000 మంది పదాతి సైనికుల్లో 1,452 మంది రాస్‌ను పారేసి, నేలకొరిగిన బ్రిటిష్ సైనికుల లీ-ఎన్‌ఫీల్డ్‌లు తీసుకున్నారు. తప్పు రైఫిల్‌దా, తూటాదా అని అప్పటినుంచీ వాదన నడుస్తూనే ఉంది. రెండింటిదీ అనడానికి తగినన్ని ఆధారాలున్నాయి. అయితే ఆ సైనికులకు అంతకన్నా పెద్ద అన్యాయం చేసింది వేరే ఉంది: ఒక నిజమైన కారణం దొరకగానే మిగతావి వెతకడం మానేసిన విచారణ.

ఈ రైఫిల్ పుట్టుకలోనే ఆత్మగౌరవం కలిసి ఉంది. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధ కాలంలో కెనడా లీ-ఎన్‌ఫీల్డ్‌లు కావాలని అడిగితే, తన అవసరాలకే చాలవని బ్రిటన్ ఇవ్వలేకపోయింది. అప్పుడు స్కాట్లాండ్ జమీందారు, తుపాకుల రూపకర్త సర్ చార్లెస్ రాస్ ముందుకొచ్చాడు. 1903లో ఒప్పందం కుదిరి, క్విబెక్ నగరంలో ఫ్యాక్టరీ లేచింది. రాస్ గురి అమోఘం. ఇంగ్లండ్‌లోని బిస్లీ పోటీల్లో ఈ రైఫిళ్లతో కెనడా షూటర్లు పెద్ద బహుమతులు గెలిచారు. 1911లో రక్షణ మంత్రి అయిన సామ్ హ్యూస్ దీన్ని దేశ ప్రతిష్ఠతో ముడిపెట్టాడు. హెచ్చరిక మాత్రం అప్పటికే వచ్చింది. కెనడా మౌంటెడ్ పోలీసులు మొదటి తరం రాస్‌లు తీసుకుని, 1906లో ఒక ప్రమాదంలో తమ మనిషి కన్ను పోవడంతో వాటిని పక్కన పెట్టేశారు. పోటీ మైదానంలో మెరిసిన ఆయుధం బురదలో ఎలా ఉంటుందన్న ప్రశ్నకు అది కనీసం చోటివ్వాల్సింది.

తూటా కేసు ఎందుకు ఇరుక్కుంటుందో తెలిస్తేగానీ తర్వాతి కథ అర్థం కాదు. మందు అంటుకోగానే లోపలి ఒత్తిడికి ఇత్తడి ఉబ్బి, తూటా కూర్చునే గది అయిన ఛాంబరు గోడలకు అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకుని పట్టు వదలాలి. ఇత్తడి మరీ మెత్తనైనా, కేసు కొలత పెద్దదైనా, ఛాంబరు ఇరుకైనా, వేడెక్కినా, మట్టి చేరినా ఆ పట్టు వదలదు. వేడివేడిగా ఒకదాంట్లో ఒకటి పేర్చిన స్టీలు గ్లాసుల్లా రెండూ బిగుసుకుపోతాయి. ఆ మొదటి బిగువును వదిలించడంలోనే రైఫిల్ రూపకల్పన బలం తెలుస్తుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో బోల్టు పిడిని పైకి తిప్పుతున్నప్పుడే ఏటవాలు అంచు ఒకటి బోల్టును వెనక్కి నెడుతుంది. కదలిక కొద్దిగానే, బలం మాత్రం చాలా ఎక్కువ. కేసు అక్కడే వదులవుతుంది. రాస్‌లో పిడిని తిప్పే పని లేదు, నేరుగా వెనక్కి లాగాలి. కేసు వదులుగా ఉంటే ఈ పద్ధతి వేగవంతం. బిగుసుకుంటే మాత్రం సైనికుడి భుజబలం తప్ప మరో సాయం లేదు.

రెండు రైఫిళ్లూ .303 తూటానే కాల్చేవి. మన పోలీసుల చేతుల్లో దశాబ్దాలపాటు కనిపించిన త్రీ నాట్ త్రీ ఈ లీ-ఎన్‌ఫీల్డ్ వంశంలోదే. లీ-ఎన్‌ఫీల్డ్ ఛాంబరు విశాలం. యుద్ధపు తొందరలో తయారైన బ్రిటిష్ తూటాల కొలతల్లో తేడాలున్నా అది సర్దుకుపోయేది. రాస్ ఛాంబరు ఇరుకు. కచ్చితమైన కొలతలతో వచ్చే కెనడా తూటాలకు తగ్గట్టు చేసింది. కాబట్టి హ్యూస్ పక్షం తప్పు తూటాలదే అన్నప్పుడు అబద్ధమాడలేదు. కెనడా తూటాలతో రాస్ బాగానే పనిచేస్తుందని ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సైన్యం చేసిన పరీక్షల్లోనూ తేలింది. కానీ ఆ జవాబు సైనికుడికి ఎందుకు కొరగాదో చెప్పాలి. యుద్ధంలో తూటా ఎక్కడినుంచి వచ్చిందో ఏరుకునే వీలుండదు. పక్కనున్న బ్రిటిష్ దళం పెట్టెల్లో ఏముంటే అదే నింపుకోవాలి. సామ్రాజ్యమంతటికీ ఒకే తూటా అని నిర్ణయించినప్పుడు, ఆ తూటాలో నాసిరకాన్నీ భరించగలగడం రైఫిల్ లక్షణాల్లో ఒకటి కావాలి. 1915 జూన్‌లో మొదటి డివిజన్‌కు లీ-ఎన్‌ఫీల్డ్‌లు ఇప్పించినవాళ్లు ఈ సంగతి గ్రహించినవాళ్లే.

మిగతా డివిజన్లకు మాత్రం ఛాంబరు తొలిచి వెడల్పు చేసిన రాస్‌లే మిగిలాయి. జబ్బు తెలిసింది, మందు వేశాం అనుకున్నారు. ఫిర్యాదులు ఆగలేదు. రెండో కారణం బోల్టులోనే ఉంది. 1910 నాటి మూడో నమూనా బోల్టు తల మీద మరలాంటి పళ్లు ఉండేవి. అవి బోల్టును ఇముడ్చుకునే రిసీవర్‌లోని గాడుల్లో తిరిగి బిగుసుకునేవి. బోల్టును వెనక్కి లాగిన ప్రతిసారీ చివరి పన్ను, బోల్టు బయటికి జారిపోకుండా ఆపే చిన్న బోల్టు స్టాప్‌కు కొట్టుకునేది. ఉక్కుకు పదును సరిగ్గా పడని బోల్టుల్లో ఆ పన్ను నలిగి వంకరపోయేది. ఆపైన బోల్టు తెరవడమే కాదు, మూయడమూ కష్టమే. ఇందులోని కీడు ఇంకా లోతైనది: కేసు ఇరుక్కున్నకొద్దీ సైనికుడు మరింత బలంగా తన్నేవాడు, బోల్టు ఒక్కసారిగా ఊడి స్టాప్‌కు మరింత గట్టిగా తగిలేది, పన్ను మరింత నలిగేది. ఒక లోపం ఇంకో లోపాన్ని పెంచుతున్నప్పుడు మొదటిదాన్ని సరిచేసినంత మాత్రాన, అప్పటికే నలిగిన బోల్టు బాగుపడదు. స్టాప్‌ను పెద్దది చేసే మార్పు 1916లో వచ్చింది. అప్పటికి సైనికుల నమ్మకం పోయింది.

స్నైపర్ల మాటేమిటని అడగవచ్చు. రాస్‌ను వాళ్లు చివరిదాకా వదల్లేదన్నది నిజం. కెనడా ఆదివాసీ యోధుడు ఫ్రాన్సిస్ పెగామగబో పేరు ఈ రైఫిల్‌తోనే ముడిపడి ఉంది. కానీ స్నైపర్ తూటాలను ఎంచుకుంటాడు, తుడుస్తాడు, గంటకో రెండు గంటలకో ఒక్కటి కాలుస్తాడు, ఛాంబరు వేడెక్కేదెప్పుడు? అతని మెచ్చుకోలు రాస్ గురికి సాక్ష్యం, కందకంలో నిలబడి దాడిని ఆపవలసినవాడి అవసరానికి కాదు. నేరుగా లాగే పద్ధతినే మొత్తంగా తప్పుపట్టడమూ న్యాయం కాదు. ఆస్ట్రియా-హంగరీ సైన్యం 1895 నాటి మాన్‌లిచర్‌తో, అదీ నేరుగా లాగేదే, యుద్ధమంతా పోరాడింది. పద్ధతిలోని బలహీనతను ఇరుకు ఛాంబరు, చిన్న స్టాప్, సరిగా పదును పట్టని ఉక్కు కలిసి ప్రాణాంతకం చేశాయి. ఒక్కొక్కటే విడివిడిగా వచ్చి ఉంటే సైన్యం ఓర్చుకునేదేమో.

ఇన్ని సంగతులు అప్పుడే కళ్లముందున్నా ఆలస్యం ఎందుకైంది? రైఫిల్‌ను విమర్శించడం దేశాన్ని కించపరచడంగా మారినందువల్ల. కెనడా దళాల అధిపతి జనరల్ ఆల్డర్సన్ లోపాలను రాసి పంపితే, హ్యూస్ ఆయన పరిజ్ఞానాన్నే ఎద్దేవా చేస్తూ జవాబు రాసి, దాని ప్రతులను సైన్యంలోని ఇతర అధికారులకు పంచిపెట్టాడు. 1916 మేలో ఆల్డర్సన్ పదవి పోయింది. ఆ వేసవిలో బ్రిటిష్ సైన్యాధిపతి హేగ్ సిఫార్సుతో మిగిలిన డివిజన్ల నుంచి కూడా రాస్‌లను ఉపసంహరించారు. నవంబర్‌లో హ్యూస్ మంత్రి పదవి పోగొట్టుకున్నాడు. 1917లో ప్రభుత్వం క్విబెక్ ఫ్యాక్టరీని స్వాధీనం చేసుకుంది. చార్లెస్ రాస్‌కు చివరికి 20 లక్షల డాలర్ల పరిహారం దక్కింది. మిగిలిన రైఫిళ్లు శిక్షణ శిబిరాలకూ, రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ హోం గార్డ్ దళాలకూ చేరాయి.