చక్రాల ఇల్లు: కార్ల పందెం మైదానంలో కుళాయి, కరెంటు లేని బస

కారు వెనుక తగిలించి లాగుకొనిపోయే చక్రాల ఇంటిని అమెరికాలో ట్రైలరు అంటారు. అందులో పడకలు, పొయ్యి, స్నానాల గది, మరుగుదొడ్డి ఉంటాయి. విడిది స్థలాలలో సాధారణంగా దానికి కరెంటు, నీరు, మురుగు అనే మూడు కనెక్షన్లు లభిస్తాయి. ఈ మూడూ లేకుండా బస చేయడాన్ని అక్కడివారు డ్రై క్యాంపింగ్ అంటారు. కార్ల పందేల వారాంతాలలో ఇది సర్వసాధారణం. అక్కడ స్థిరపడిన పిల్లల వద్దకు వెళ్ళే మన తల్లిదండ్రులకు కూడా ఇటువంటి బస ఎదురు కావచ్చును. కనుక దీని లెక్కలను, ఇందులో పొంచి ఉన్న ఒక ప్రాణాపాయాన్ని తెలిసికొని ఉండడం మంచిది.

సెబ్రింగ్ మైదానం

ఇందుకు ఫ్లోరిడా రాష్ట్రంలోని సెబ్రింగ్ చక్కని ఉదాహరణ. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇది బి-17 బాంబరు విమానాల శిక్షణ స్థావరం. నాటి కాంక్రీటు రన్‌వేల భాగాలు నేటికీ పందెపు దారిలో ఉన్నాయి. 1950 డిసెంబరు 31న ఇక్కడ తొలిసారిగా 6 గంటల పందెం జరిగింది. 1952లో 12 గంటల పందెం మొదలైంది. చమురు సంక్షోభం కారణంగా 1974లో మాత్రం పందెం రద్దయింది. దారి ఒక చుట్టు సుమారు 6 కిలోమీటర్లు. సాధారణంగా మార్చి నెలలో, శనివారం ఉదయం మొదలైన పందెం రాత్రి పొద్దుపోయాక ముగుస్తుంది. అందువలన వేలాది మంది ముందుగానే వచ్చి మైదానంలోనే మకాం వేస్తారు.

నీటి లెక్క

ట్రైలరులో మూడు ట్యాంకులు ఉంటాయి: మంచినీటికి ఒకటి, గిన్నెలు కడిగిన, స్నానం చేసిన నీటికి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. మంచినీటి ట్యాంకులో 160 లీటర్లు పడతాయనుకొందాం. నలుగురు మనుషులు గురువారం నుండి ఆదివారం వరకు 4 రోజులు ఉంటే, మనిషికి రోజుకు 10 లీటర్లు మాత్రమే వస్తాయి. అమెరికాలోని సాధారణ షవరు నిమిషానికి 9 లీటర్లకు పైగా విడువగలదు. అంటే ఒక్క నిమిషం షవరు తెరచి ఉంచితే ఒక మనిషి రోజు వాటా అయిపోయినట్లే. బావి నీళ్ళు తోడుకొని చెంబుతో స్నానం చేసిన ఇంటివారికి ఈ పొదుపు కొత్త కాదు.

వాడిన ప్రతి చెంబూ రెండవ ట్యాంకులో చేరుతుంది. మంచినీరు మిగిలి ఉన్నా ఆ ట్యాంకు నిండితే వాడకం ఆపవలసిందే. దానిని నేలపై పారబోయరాదు. తిరుగు ప్రయాణంలో మురుగు వదలడానికి ప్రత్యేకించిన చోటనే ఖాళీ చేయాలి. త్రాగునీటిని విడిగా క్యానులలో తీసికొనిపోవడం ఉత్తమం.

కరెంటు లెక్క

12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో 1200 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. అది సీసపు బ్యాటరీ అయితే సగమే వాడాలి. అంతకు మించితే దాని ఆయువు తగ్గుతుంది. మిగిలిన 600 వాట్-అవర్లతో ఎల్.ఇ.డి. దీపాలు, నీటి పంపు, చిన్న ఫ్యాను, ఫోన్ల ఛార్జింగు సుమారు ఒకటిన్నర రోజు నడుస్తాయి. కాని 1200 వాట్లు లాగే ఏ.సి.ని దానిపై నడిపితే అరగంటకే సరి. 100 వాట్ల సౌర ఫలకం మంచి ఎండలో రోజుకు 300 నుండి 500 వాట్-అవర్లు తిరిగి నింపగలదు. పొయ్యి, చాలా ట్రైలర్లలోని ఫ్రిజ్ గ్యాసుతోనే పనిచేస్తాయి. గ్యాసు ఫ్రిజ్ సరిగా పనిచేయాలంటే ట్రైలరును సమతలంగా నిలపాలి.

ప్రాణాపాయం

ఏ.సి. కోసం చాలామంది పెట్రోలు జనరేటరు నడుపుతారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి దాని లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా అందదు. మన ఇళ్ళలో చలికాలం తలుపులు బిగించి కుంపటి పెట్టుకొని పడుకొన్నవారు తెల్లవారేసరికి మరణించడానికి కారణం ఈ వాయువే.

కనుక జనరేటరు ఏ కిటికీకైనా, తలుపుకైనా కనీసం 20 అడుగుల దూరంలో ఉండాలి. పొగ గొట్టం మనుషుల వైపు తిరిగి ఉండరాదు. మైదానంలో ట్రైలర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక పక్కవారి జనరేటరును కూడా గమనించాలి. అలారం పనిచేస్తున్నదో లేదో పడుకొనే ముందు మీట నొక్కి చూడాలి. చలికి గ్యాసు పొయ్యినిగాని, బొగ్గులనుగాని లోపల వెలిగించి పడుకోరాదు. జనరేటరు చల్లారిన తరువాతనే పెట్రోలు పోయాలి.

అలారం మోగినా, ఒకే ట్రైలరులో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చినా కారణం వెదకుతూ లోపల కూర్చోరాదు. ముందు అందరూ బయటి గాలిలోకి రావాలి. పిమ్మట 911కు ఫోను చేయాలి.