గీత ఎవరు గీశారు? - తరగతి అంతరాల చరిత్ర నుంచి కొన్ని పాఠాలు

మన హేతువాదులు ఎవరితో వాదించినా మొదట అడిగేది "ఋజువేది?" అని. మంచి ప్రశ్నే. కాని అవతలివాడు జేబులోంచి ఒక పట్టిక తీసి చూపించాడంటే మనలోనే చాలామంది మెత్తబడిపోతారు. అంకెలున్నాయి, శాతాలున్నాయి, కింద మొత్తం కూడా సరిపోయింది, ఇంకేం కావాలి అనుకుంటారు. పట్టిక కూడా ఒక మనిషి చేసిన పనే. ఆ మనిషి ఎక్కడో కూర్చుని కొన్ని గీతలు గీసి, ఈ గీతకు ఇటువైపు వాళ్ళంతా ఒక గుంపు, అటువైపు వాళ్ళంతా ఇంకో గుంపు అని నిర్ణయించాడు. కాబట్టి "ఋజువేది?" తర్వాత రెండో ప్రశ్న కూడా అడగాలి: "ఆ గీత అక్కడే ఎందుకు గీశారు?"

బి.కామ్ మొదటి సంవత్సరంలో అందరూ చదివే పాఠమే ఇది. ముడి దత్తాంశం ఇస్తారు. ఒక వంద మంది ఎత్తులో, మార్కులో, జీతాలో ఉంటాయి. అందులో అతి పెద్దది, అతి చిన్నది చూసి వ్యాప్తి కట్టాలి. దాన్ని ఇన్ని తరగతులుగా విడగొట్టాలి. ఒక్కొక్క అంకె ఏ తరగతిలో పడుతుందో చూసి గణన చిహ్నం వెయ్యాలి. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. చివర లెక్కబెట్టి పౌనఃపున్యం రాయాలి. 10-20, 20-30 అని తరగతులుంటే 20 వచ్చినవాణ్ణి ఎందులో వెయ్యాలి అన్న సందేహం ప్రతి క్లాసులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. రెండో దాంట్లో వెయ్యమని జవాబు. అందరూ అలాగే వేస్తారు. పరీక్ష పాసవుతారు. ఈ పనిలో ప్రతి మెట్టు దగ్గరా మనిషి ఇష్టం కొంత కలుస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు.

చరిత్రలోకి వెళితే ఈ పని మొదలుపెట్టిన వాళ్ళలో ఒక దుకాణదారుడు కనిపిస్తాడు. లండన్‌లో జాన్ గ్రాంట్ అనే వర్తకుడు ఆ నగరం వారంవారం ప్రచురించే చావుల జాబితాలు ముందేసుకుని 1662లో ఒక పుస్తకం రాశాడు. ఆ జాబితాల్లో జబ్బు పేరు ఉండేది గాని చనిపోయినవాళ్ళ వయసు ఉండేది కాదు. అయినా ఏ జబ్బులు పసిపిల్లలవి, ఏవి ముసలివాళ్ళవి అని అంచనా కట్టి వయసు తరగతులుగా విడగొట్టాడు. నూరు మందిలో 36 మంది ఆరేళ్ళలోపే పోతారని, 16 ఏళ్ళు నిండేసరికి 40 మందే మిగులుతారని, 76 ఏళ్ళకి ఒక్కడు ఉంటాడని తేల్చాడు. అందులో చాలా భాగం ఊహే. అయినా చావు దైవనిర్ణయమని అందరూ అనుకునే కాలంలో, దాన్ని దుకాణం ఖాతాలాగా లెక్కగట్టవచ్చునని చూపించాడు. అది చిన్న విషయం కాదు.

ఆ తర్వాత చెప్పుకోవలసినవాడు బెల్జియం దేశస్థుడు క్వెట్లే. 1840లలో ఆయన ఫ్రెంచి సైన్యానికి పిలిచిన లక్షమంది కుర్రాళ్ళ ఎత్తుల పట్టిక తీసుకున్నాడు. 1.57 మీటర్ల కంటే పొట్టిగా ఉంటే సైన్యం అక్కరలేదని పంపేసేవారు. మిగతా తరగతుల తీరునుబట్టి లెక్కగడితే ఆ గీత కింద 26,345 మంది ఉండాలి. పట్టికలో 28,620 మంది ఉన్నారు. అంటే 2,275 మంది ఎక్కువ. అదే సమయంలో గీతకు సరిగ్గా పైనున్న రెండు తరగతుల్లో ఉండవలసినదానికంటే ఇంచుమించు అంతమంది తక్కువగా ఉన్నారు. ఏం జరిగి ఉంటుంది? మోకాళ్ళు కొంచెం వంచినవాళ్ళు, కొలిచేవాడి చెయ్యి తడిపినవాళ్ళు రెండువేల పైచిలుకు ఉండి ఉంటారని క్వెట్లే నిర్ధారణ. ఒక్క మనిషిని కూడా విచారించకుండా, కేవలం తరగతుల్లో ఉన్న మిట్టపల్లాలు చూసి మోసాన్ని పసిగట్టాడు.

రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసిన నాకు ఇది చాలా దగ్గరి విషయం. ఒక అధికారికి సొంతంగా మంజూరు చేసే పరిమితి అయిదువేలు అనుకుందాం. బిల్లులన్నీ 0-5,000, 5,000-10,000 అని రెండు తరగతులు చేస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అవే బిల్లుల్ని అయిదువందల అంతరంతో విడగొట్టండి. 4,500-5,000 తరగతిలో గుట్ట, దాని పక్కనే 5,000-5,500లో ఖాళీ కనిపించిందంటే పెద్ద కొనుగోలుని ముక్కలు చేసి బిల్లులు పెట్టారేమోనని అడగవలసిందే. అది నేరానికి ఋజువు కాదు, విచారణకు కారణం మాత్రమే. ఈ తేడా ఆడిటర్లూ మరువకూడదు, హేతువాదులూ మరువకూడదు.

ఇంతవరకు తరగతులు నిజాన్ని బయటపెట్టిన కథలు. ఇప్పుడు అవే తరగతులు లేని నిజాన్ని పుట్టించిన కథ.

ఫ్రాన్సు తూర్పు సరిహద్దున డూబ్స్ అనే జిల్లా ఉంది. అక్కడి సైనికుల ఎత్తుల పట్టికలో ఒక శిఖరానికి బదులు రెండు శిఖరాలు కనిపించాయి. 1860లలో అడాల్ఫ్ బెర్టియాన్ అనే పండితుడు దీనికి కారణం చెప్పాడు. ఆ జిల్లాలో రెండు జాతులున్నాయట. పొట్టివారు కెల్టులు, పొడుగువారు బర్గండియన్లు. పట్టిక సాక్ష్యం, సిద్ధాంతం అందంగా ఉంది, దశాబ్దాలపాటు చెల్లిపోయింది. 1896లో రొడోల్ఫో లివి అనే ఇటాలియన్ సైనిక వైద్యుడు దాని గుట్టు విప్పాడు. జాతులూ లేవు, గీతులూ లేవు. అదంతా సెంటీమీటర్లకీ అంగుళాలకీ మధ్య మార్పిడిలో వచ్చిన తకరారు.

ఎలాగో మనమే చేసి చూద్దాం. ఫ్రెంచి అంగుళం వేరు, మనకు తెలిసిన 2.54 సెంటీమీటర్ల అంగుళంతోనే చేద్దాం. ఎత్తులన్నీ పూర్తి సెంటీమీటర్లలో కొలిచారు. వాటిని అంగుళం అంతరంతో తరగతులుగా చెయ్యాలి. 62 నుంచి 63 అంగుళాల తరగతి అంటే 157.48 నుంచి 160.02 సెం.మీ. అందులో 158, 159, 160 అనే మూడు కొలతలు పడతాయి. తర్వాతి తరగతి 160.02 నుంచి 162.56. అందులో 161, 162 రెండే పడతాయి. ఆ తర్వాతిది 162.56 నుంచి 165.10. మళ్ళీ 163, 164, 165 అని మూడు. ప్రతి సెంటీమీటరుకీ సరిగ్గా వందమంది చొప్పున ఉన్నారనుకున్నా పట్టికలో 300, 200, 300 అని వస్తుంది. నడుమ లోయ, అటూ ఇటూ రెండు కొండలు. ఇక ఆ కొండలకు పేర్లు పెట్టడమే తరువాయి! జాతి సిద్ధాంతానికి కావలసిన పెట్టుబడి ఒక సెంటీమీటరు.

ఇది పరాయి దేశపు ముచ్చట అని నవ్వుకుని ఊరుకోవడానికి వీల్లేదు. ఇలాంటి గీతలు మన ముక్కుల మీద కూడా గీశారు. హెర్బర్ట్ రిస్లే అనే ఆంగ్ల అధికారి బెంగాల్‌లో కులాలవారీగా మనుషుల్ని కొలిపించి 1891లో సంపుటాలు ప్రచురించాడు. ముక్కు వెడల్పుని ఎత్తుతో భాగించి నూరుతో హెచ్చిస్తే నాసికా సూచిక. 70కి లోపు సన్న ముక్కు, 70 నుంచి 85 మధ్య రకం, 85 ఆపైన వెడల్పు ముక్కు. ఈ మూడు తరగతుల గీతలు ఐరోపా మానవశాస్త్రం నుంచి తెచ్చుకున్నవే. ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత కింద అని ఆయన సూత్రీకరించాడు. 1901 జనాభా లెక్కలకి కమిషనర్ కూడా ఆయనే. ఆ లెక్కల్లో కులాలకు హెచ్చుతగ్గుల వరసలు కట్టించాడు. 84 వచ్చినవాడికీ 86 వచ్చినవాడికీ ముక్కులో ఉన్న తేడా ఎంత? 71కీ 84కీ ఉన్న తేడా ఎంత? మొదటి జంట వేరు వేరు తరగతులు, రెండో జంట ఒకటే తరగతి. ప్రకృతిలో ఆ గీత ఎక్కడా లేదు.

దీన్ని విప్పినవాళ్ళు కూడా అంకెలతోనే విప్పారు. 1932లో ఘుర్యే ప్రాంతాలవారీగా చూసి, రిస్లే చెప్పిన సంబంధం దేశమంతటా నిలవదని చూపాడు. 1933లో మహలనోబిస్ తన 'సంఖ్య' పత్రికలో రిస్లే కొలతలనే మళ్ళీ పరిశీలించి సవరించాడు. అంబేద్కర్ 1948లో అంటరానితనం పుట్టుక మీద రాసిన గ్రంథంలో నాసికా సూచిక అంకెలనే తీసుకుని, బ్రాహ్మణులూ అంటరానివారూ వేరు వేరు జాతులన్న వాదాన్ని ఆ అంకెలే పూర్వపక్షం చేస్తున్నాయని వాదించాడు. మన ఆంధ్రా విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో కలకత్తా వెళ్ళిన సి.ఆర్.రావు కూడా మహలనోబిస్, మజుందార్‌లతో కలిసి ఉత్తరప్రదేశ్ కొలతల మీద పనిచేశాడు. వాళ్ళది ఒక్క ముక్కు మీద గీత గీసే పద్ధతి కాదు, అనేక కొలతల్ని కలిపి గుంపుల మధ్య ఎడం ఎంతో లెక్కగట్టే పద్ధతి.

ఇక వయసుల సంగతి. మన పల్లెల్లో పెద్దవాళ్ళని వయసడిగితే "ఓ నలభై ఉంటాయి బాబూ" అంటారు. అందుకే మన జనాభా లెక్కల్లో 30, 35, 40 దగ్గర జనం గుట్టలుగా పడతారు, 39, 41 దగ్గర పలచబడతారు. దీన్ని కొలవడానికి విప్పుల్ సూచిక ఉంది. 23 నుంచి 62 ఏళ్ళ మధ్యవారిలో 0తో, 5తో ముగిసే వయసులు చెప్పినవారెందరో చూస్తారు. అందరూ నిజం వయసు చెబితే 100, అందరూ అలా గుండుగుత్తగా చెబితే 500. ఇప్పుడు 40-44 అని తరగతి కడితే ఆ గుట్ట తరగతి అంచున పడుతుంది. నిజానికి 38, 39 ఏళ్ళవాళ్ళు కూడా అందులో చేరిపోతారు. 38-42 అని కడితే గుట్ట నడిమికి వస్తుంది, పొరపాటు చాలావరకు లోపలే సర్దుకుంటుంది. తరగతి మధ్య విలువ ఎక్కడుండాలన్నది అందానికి పెట్టిన నియమం కాదని దీనివల్ల తెలుస్తుంది.

మరి ఎన్ని తరగతులుండాలి? దీనికి 1926లో స్టర్జెస్ ఒక సూత్రం ఇచ్చాడు. ఒకటికి, అంశాల సంఖ్య సంవర్గమానాన్ని 3.322తో హెచ్చించి కలపాలి. 64 అంశాలుంటే 7 తరగతులు, 1,024 ఉంటే 11. పరీక్షల్లో దీన్ని వేదవాక్కులా వాడతారు. అది దత్తాంశం రెండు పక్కలా సమానంగా, గంట ఆకారంలో ఉంటుందన్న ఊహ మీద కట్టిన సూత్రం. మన దేశంలో భూమి కమతాలు, ఆదాయాలు అలా ఉంటాయా? కోటి సంపాదించేవాణ్ణీ పదివేలు సంపాదించేవాణ్ణీ ఒకే పట్టికలో పెట్టి సమాన అంతరాలతో విడగొడితే జనమంతా మొదటి తరగతిలో కుక్కినట్టు పడతారు, వాళ్ళలో వాళ్ళకున్న తేడాలు మాయమవుతాయి. ఊహ సరిపోని చోట సూత్రాన్ని పట్టుకు వేళ్ళాడటం కూడా మూఢనమ్మకమే.

మూఢనమ్మకం అన్నాను కాబట్టి, లోకంలో అందరికంటే ఎక్కువమంది నమ్మే తరగతి పట్టిక ఒకటుంది. దాని పేరు రాశిచక్రం. వ్యాప్తి 360 డిగ్రీలు, తరగతులు 12, అంతరం 30. పాఠ్యపుస్తకానికి పంపదగ్గ పట్టిక. కాని మొదటి తరగతి ఎక్కడ మొదలుపెట్టాలి అన్న దగ్గర పాశ్చాత్య జ్యోతిష్కులకీ మనవాళ్ళకీ తగవు. సాయన, నిరయన పద్ధతుల మధ్య ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా ఉంది. 30 డిగ్రీల తరగతిని 24 డిగ్రీలు జరిపితే పదిమందిలో ఎనిమిది మంది రవి వేరే రాశిలో పడతాడు. లండన్‌లో సింహం లాంటివాడు విమానం దిగేసరికి మనదగ్గర కర్కాటకం అవుతాడు. గీత జరిపితే నిజంగా ఉన్న సంబంధం కొంచెం కదులుతుంది గాని తలకిందులు కాదు. ఎటు జరిపినా రెండు పక్షాలవాళ్ళకీ ఫలితాలు "సరిగ్గా సరిపోయాయి" అంటే, ఆ తరగతులు దేన్నీ కొలవడం లేదని అర్థం.

కనుక పట్టిక చూపించినవాణ్ణి అడగవలసినవి ఇవి.

1. గీతలు దత్తాంశం చూడకముందు గీశారా, చూశాక గీశారా?
2. కొలిచిన ప్రమాణం, తరగతి ప్రమాణం ఒకటేనా? లివి ఈ ఒక్క ప్రశ్నతోనే రెండు జాతుల్ని మాయం చేశాడు.
3. గీత దగ్గర ఎవరికైనా లాభనష్టాలున్నాయా? ఉంటే గుట్టలూ గోతులూ వెతకాలి.
4. అంతరం మార్చి, మొదలు జరిపి మళ్ళీ కడితే అదే కథ చెబుతుందా?
5. ముడి దత్తాంశం ఇస్తారా?

అయిదోదే అన్నిటికంటే ముఖ్యం. రిస్లే సిద్ధాంతం తప్పే అయినా కొలతలు అచ్చువేశాడు కాబట్టి తర్వాతివాళ్ళు వాటిని మళ్ళీ పరిశీలించగలిగారు. నేడు కులం మీద, మతం మీద, మందుల మీద, మహిమల మీద రోజుకో పట్టిక రంగురంగుల బొమ్మలతో మన ముందుకు వస్తోంది. దాని వెనక ముడి అంకెలు అడిగితే ఇవ్వనివాడి పట్టికని, ఓచర్లు లేని బిల్లుని చూసినట్టే చూడాలి. ఓచరు లేని బిల్లు పాస్ చెయ్యకూడదు. ఆ బిల్లు మీద సంతకం ఎంత పెద్దవాడిదైనా సరే.